ఇల్లు ఆంధ్రలో... సీటు తెలంగాణలో!

మూడుసార్లు ఎమ్మెల్యే. ఆర్టీసీ బస్సెక్కి, ఆటో దిగి అసెంబ్లీకి వెళ్లిన గిరిజన నేత. సున్నం రాజయ్య పేరు చెప్పగానే జనం తలుచుకునేది ఆ నిరాడంబరతనే. కానీ ఆయన జీవితంలో అంతకంటే పెద్ద కథ ఒకటుంది. పుట్టిన ఊరు, ఓటేసిన వాళ్లలో ఎంతోమంది ఒక రాష్ట్రంలో... కూర్చున్న కుర్చీ మరో రాష్ట్రంలో! గోదావరి, శబరి కలిసే చోటు నుంచి వచ్చిన ఆ నాయకుడి ప్రయాణమిది.

2014 ఏప్రిల్ 30. తెలంగాణ ప్రాంతమంతా పోలింగ్ జరిగింది. భద్రాచలం నియోజకవర్గంలోని ఎనిమిది మండలాల జనమూ క్యూల్లో నిలబడి ఓట్లేశారు. మే 16న లెక్కించారు. సీపీఎం అభ్యర్థి సున్నం రాజయ్య స్వల్ప తేడాతో గట్టెక్కారు. ఆయనకది మూడో గెలుపు.

సరిగ్గా పదమూడు రోజులు గడిచాయి. మే 29న కేంద్రం నుంచి ఓ ఆర్డినెన్సు వెలువడింది. పోలవరం ప్రాజెక్టు కోసం ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాల ప్రాంతాన్ని ఆంధ్రప్రదేశ్‌కు బదలాయించాలన్నది దాని సారాంశం. అందులో చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం మండలాలు పూర్తిగా ఉన్నాయి. భద్రాచలం మండలంలో భద్రాచలం రెవెన్యూ గ్రామం ఒక్కటీ మిగిలి, చుట్టూ ఉన్న పల్లెలన్నీ అటు వెళ్లిపోయాయి. నాలుగు రోజుల తర్వాత, జూన్ 2న, తెలంగాణ రాష్ట్రం పుట్టింది.

రాజయ్య సొంతూరు సున్నంవారిగూడెం. వరరామచంద్రాపురం మండలం. అంటే తెలంగాణ రాష్ట్రంలో ఆ ఊరు ఒక్క రోజు కూడా లేదన్నమాట! జూన్ 9న కొలువుదీరిన తొలి తెలంగాణ శాసనసభలో ఆయన సభ్యుడు. మొత్తం 119 మందిలో సీపీఎం తరఫున ఉన్నది ఆయనొక్కరే. ఆయన పుట్టిన గడ్డ మాత్రం అప్పటికే పక్క రాష్ట్రం.

ఎన్నికల్లో ఓడిపోయి నియోజకవర్గాన్ని పోగొట్టుకున్న నేతలు ఎందరో ఉన్నారు. గెలిచి పోగొట్టుకున్నవాళ్లు అరుదు.

రెండు ఏళ్ల నడుమ

ఈ కథ అర్థం కావాలంటే ముందు ఆ నేల సంగతి తెలియాలి. భద్రాచలం దాటి గోదావరి వెంట దిగువకు వెళ్తే కూనవరం వస్తుంది. ఒడిశా కొండల్లోంచి వచ్చే శబరి అక్కడే గోదావరిలో కలుస్తుంది. అది దాటితే వరరామచంద్రాపురం. అందరూ వీఆర్ పురం అంటారు. ఇంకా కిందికి పోతే పాపికొండలు. ఓ పక్క ఛత్తీస్‌గఢ్, ఇంకో పక్క ఒడిశా. మధ్యలో వెదురు, తునికి, ఇప్ప చెట్ల అడవి. ఆ అడవిలో కోయలు, కొండరెడ్ల గూడేలు.

ఇక్కడి జనం నదిని చూసి బతుకుతారు, నదిని చూసే భయపడతారు. వర్షాకాలం వచ్చిందంటే అందరి చూపూ భద్రాచలం దగ్గరి నీటిమట్టం మీదే. 43 అడుగులైతే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో గోదావరి 75.6 అడుగులకు పొంగింది. ఆ ఏడాది వరదను పెద్దవాళ్లు ఇప్పటికీ కథలు కథలుగా చెప్పుకుంటారు.

నదిలాగే ఇక్కడి సరిహద్దులు కూడా ఒకచోట నిలవవు. నిజాం ఏలుబడిలోని ఈ ప్రాంతం 1860లో ఇంగ్లిషువాళ్ల చేతికి వచ్చింది. వాళ్లు దాన్ని సెంట్రల్ ప్రావిన్సెస్‌లో కలిపారు. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను అక్కణ్నుంచి తీసి మద్రాసు రాజ్యంలోని గోదావరి జిల్లాకిచ్చారు. ఆ రేకపల్లి ఎక్కడో కాదు, రాజయ్య సొంత మండలంలోనే ఉంది. పాలన మారాక పోడు మీద పన్ను పెరిగింది, అడవి మీద ఆంక్షలు పెరిగాయి. 1879లో రంప కొండల్లో తిరుగుబాటు లేచినప్పుడు రేకపల్లి సీమ కూడా అందులో చేరింది.

తర్వాత చాలాకాలం ఈ ప్రాంతం తూర్పుగోదావరి జిల్లాలో ఉంది. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలను ఖమ్మం జిల్లాలో కలిపారు. నది దాటితే ఖమ్మం దగ్గర, కాకినాడ చాలా దూరం కాబట్టి పాలనకు వీలుగా ఉంటుందని చేసిన మార్పు అది. అప్పట్లో రెండు జిల్లాలూ ఒకే రాష్ట్రంలో ఉన్నాయి. కాబట్టి ఎవరికీ పెద్ద ఇబ్బంది అనిపించలేదు. ఆ మార్పే 55 ఏళ్ల తర్వాత పెద్ద పేచీకి మూలమవుతుందని అప్పుడెవరూ అనుకుని ఉండరు.

సైకిలు వారసత్వం

భద్రాచలం గిరిజనులకు కేటాయించిన నియోజకవర్గం. రాముడి గుడి ఉన్న ఊరే అయినా రాజకీయాల్లో మాత్రం ఎర్రజెండాదే హవా. 1978, 1983 ఎన్నికల్లో సీపీఎం తరఫున ముర్ల ఎర్రయ్యరెడ్డి గెలిచారు. తర్వాత 1985, 1989, 1994ల్లో వరుసగా మూడుసార్లు కుంజా బొజ్జి. ఈయన కూడా వీఆర్ పురం మండలం వాడే. ఊరు అడవి వెంకన్నగూడెం.

బొజ్జిని జనం సైకిలు ఎమ్మెల్యేగా గుర్తుపెట్టుకున్నారు. నియోజకవర్గంలో సైకిలు మీద, కాలినడకన తిరిగేవారు. హైదరాబాద్ వెళ్లాలంటే ఆర్టీసీ బస్సు. మూడుసార్లు గెలిచినా ఆస్తులు కూడబెట్టుకోలేదు. ఏ గూడెం నుంచి వెళ్లారో, పదవి దిగాక అదే గూడెం మనిషిగా మిగిలారు.

రాజయ్య రాజకీయాలు నేర్చుకున్నది ఈ వాతావరణంలోనే. కోయ కుటుంబంలో పుట్టి, గిరిజనుల పోరాటాల్లో తిరుగుతూ పార్టీలో ఎదిగారు. 1999లో బొజ్జి స్థానంలో పార్టీ ఆయనకు టికెట్టిచ్చింది. ఆ ఎన్నికలు కమ్యూనిస్టులకు గడ్డుకాలం. 1994లో సీపీఎంకు 15 సీట్లొస్తే, 1999లో రాష్ట్రం మొత్తమ్మీద రెండే మిగిలాయి. ఒకటి నల్గొండ జిల్లా నకిరేకల్, అక్కడ నోముల నర్సింహయ్య. రెండోది భద్రాచలం, అక్కడ సున్నం రాజయ్య. 294 మంది ఉన్న సభలో ఇద్దరంటే ఇద్దరు!

2004లో కాంగ్రెస్‌తో పొత్తు కలిసొచ్చింది. సీపీఎం బలం తొమ్మిదికి పెరిగింది. రాజయ్య రెండోసారి గెలిచారు. దాంతో 1978 నుంచి లెక్కేస్తే భద్రాచలంలో ఒకే పార్టీ వరుసగా ఏడుసార్లు నెగ్గినట్టయింది. పార్టీల గాలి ఎటు వీచినా ఈ అడవి అంచున మాత్రం ఓటు మారలేదు.

భూమి, అడవి, ఆకు

ఎందుకిలా? జవాబు ఎన్నికల ప్రసంగాల్లో దొరకదు, భూమి కాగితాల్లో దొరుకుతుంది.

ఇది రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు కిందికొచ్చే ప్రాంతం. ఇక్కడ గిరిజనుల భూమిని గిరిజనేతరులు కొనడానికి వీల్లేదు. 1959లో ఒక నిబంధన వచ్చింది. దాన్ని మరింత గట్టిపరుస్తూ తెచ్చిందే 1970 నాటి ఒకటో రెగ్యులేషన్. గూడేల్లో ఎవర్నడిగినా 'వన్ ఆఫ్ సెవెంటీ' అని చెబుతారు. దాని ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరుడు తన భూమిని మరో గిరిజనేతరుడికి కూడా అమ్మకూడదు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి, అది తనదని రుజువు చేసుకోనంతవరకూ గిరిజనుల నుంచి వచ్చిందేనని చట్టం భావిస్తుంది. 1988లో సుప్రీంకోర్టు కూడా దీన్ని సమర్థించింది. చట్టమైతే గట్టిదే. అమలులోనే ఉంది తంటా అంతా. బినామీ పేర్లు, కౌలు పేరుతో చేతులు మారిన పొలాలు, ఏళ్ల తరబడి సాగే కేసులు. ఏజెన్సీలో ఎమ్మెల్యే దగ్గరికొచ్చే అర్జీల్లో ఎక్కువ ఇలాంటివే.

రెండోది పోడు. తాతల నాటి నుంచి కొట్టుకుని సాగు చేసుకుంటున్న నేల అడవిశాఖ రికార్డుల్లో మాత్రం రిజర్వు ఫారెస్టు. విత్తనం వేస్తే కేసు. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చాక ఒక దారి దొరికింది. 2005 డిసెంబర్ 13 నాటికి గిరిజనుల సాగులో ఉన్న అటవీ భూమికి, నాలుగు హెక్టార్లు మించకుండా, హక్కు పత్రం ఇవ్వొచ్చు. దరఖాస్తు ముందు గ్రామసభకు, అక్కణ్నుంచి డివిజన్ స్థాయి కమిటీకి, చివరికి కలెక్టర్ నాయకత్వంలోని జిల్లా కమిటీకి వెళ్లాలి. వినడానికి తేలికే. కానీ సర్వేయరు రావాలి, హద్దులు గీయాలి, అటవీ శాఖ ఒప్పుకోవాలి. ఒక్కచోట ఆగినా ఆ రైతు మళ్లీ ఆక్రమణదారే. 2015లో తెలంగాణ ప్రభుత్వం హరితహారం మొదలుపెట్టినప్పుడు ఈ గొడవ మళ్లీ రాజుకుంది. మొక్కలు నాటడానికి అధికారులు ఎంచుకున్న నేలలు చాలాచోట్ల పోడు రైతులు దున్నుకుంటున్నవే.

మూడోది తునికాకు. ఏప్రిల్, మే నెలల ఎండల్లో గూడెం గూడెమంతా అడవికి కదులుతుంది. ఆకు కోసి, యాభై ఆకుల చొప్పున కట్ట కట్టి, కల్లంలో అప్పజెప్పాలి. అలాంటి వెయ్యి కట్టలైతే ఒక స్టాండర్డ్ బ్యాగు. కట్టకు ఎంత ఇస్తారన్నదే ఆ ఇంటికి ఏడాదిలో కళ్లజూసే రొక్కం. ఆకు కోత మొదలవకముందే రేటు కోసం సంఘాలు బేరానికి కూర్చోవడం ఇక్కడ మామూలే. కట్ట మీద పది పైసలు పెరిగినా అది గూడేనికి పెద్ద వార్త.

ఈ మూడింటి చుట్టూనే ఇక్కడి కమ్యూనిస్టు రాజకీయం అల్లుకుంది. గిరిజన ఎమ్మెల్యేకు అసెంబ్లీ బయట కూడా రెండు వేదికలున్నాయి. ఒకటి ఐటీడీఏ పాలకమండలి. రెండోది గిరిజన సలహా మండలి. రాజ్యాంగం ప్రకారం ఈ మండలిలో ఇరవై మంది దాకా ఉంటారు, వాళ్లలో నాలుగింట మూడొంతులు శాసనసభలోని గిరిజన ప్రతినిధులే. ఎమ్మెల్యేగా రాజయ్య పని అసెంబ్లీలో ప్రశ్నలతో ఆగేది కాదు. అధికారుల బల్లల మీద ఆగిపోయిన కాగితాన్ని కదిలించడం కూడా ఆయన పనే.

ఆయన మొదటిసారి ఎమ్మెల్యే అయిన కొద్ది నెలలకే, 2000 జనవరి 10న, ప్రభుత్వం జీవో నంబర్ 3 ఇచ్చింది. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకేనని దాని సారాంశం. మైదానం నుంచి వచ్చిన పంతుళ్లు బడికి సరిగా రావడం లేదని, గిరిజన పిల్లల భాష వాళ్లకు అర్థం కావడం లేదని ఎన్నాళ్లుగానో ఉన్న ఫిర్యాదుకు అదో పరిష్కారం. ఎందరో కోయ యువతీ యువకులు టీచర్లయ్యింది ఆ జీవో వల్లే.

ఎమ్మెల్యేగారు ఆటోలో వచ్చారు

భద్రాచలం నుంచి హైదరాబాద్ మూడొందల కిలోమీటర్ల పైమాటే. రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి దిగుతారు. అసెంబ్లీ సమావేశాలకు రాజయ్య ఆ బస్సులోనే వెళ్లేవారు. బస్టాండులో దిగి ఆటో మాట్లాడుకునేవారు. కార్ల వరుసల మధ్య ఆటోలో వచ్చే ఎమ్మెల్యే అంటే నగరంలో ఎవరు నమ్ముతారు? సచివాలయం గేటు దగ్గర భద్రతా సిబ్బంది ఆయన్ను గుర్తుపట్టక ఆపేసిన సంగతి పత్రికలకూ ఎక్కింది.

నియోజకవర్గంలోనూ అంతే. ఎవరి మోటార్ సైకిలు వెనకో కూర్చుని గూడేలకు వెళ్లేవారు. రోడ్డు లేనిచోట నడక. వాగు అడ్డొస్తే దాటడమే. భద్రాచలం సెంటర్లో ఓ మామూలు మనిషిలా కనిపించేవారు.

ఇదంతా ఆయన స్వభావమే కాదు, వెనక పార్టీ పద్ధతి కూడా ఉంది. సీపీఎం ప్రజాప్రతినిధులు తమ జీతాన్ని పార్టీకి జమచేసి, పూర్తికాలం కార్యకర్తలకిచ్చే భత్యంతో బతకాలి. బెంగాల్, కేరళ నుంచి భద్రాచలం దాకా ఇదే రివాజు. అయితే రివాజు ఉండటం వేరు, జీవితాంతం దాన్ని నిలబెట్టుకోవడం వేరు. ఎన్నికల ఖర్చు లక్షలు దాటి కోట్లకు చేరిన రోజుల్లోనూ బొజ్జి, రాజయ్యలు ఆ గీత దాటలేదు. పక్కనే ఇల్లెందులో సీపీఐ ఎంఎల్ న్యూడెమోక్రసీ నేత గుమ్మడి నర్సయ్య కూడా అయిదుసార్లు గెలిచి ఇలాగే సాదాసీదాగా బతికారు. ఒకే జిల్లాలో ఒకే కాలంలో ఇలాంటి ముగ్గురు! అదే ఖమ్మం ఏజెన్సీ ప్రత్యేకత.

నిరాడంబరతకు మెచ్చుకోళ్లు దక్కుతాయి కానీ, అన్నిసార్లూ ఓట్లు రాలవు. 2009లో కాంగ్రెస్ అభ్యర్థి కుంజా సత్యవతి చేతిలో రాజయ్య ఓడిపోయారు. 31 ఏళ్ల తర్వాత భద్రాచలం సీటు పార్టీ చేజారింది.

నీళ్లు రాకముందే గీత వచ్చింది

ఇంతలో దిగువన పోలవరం కదిలింది. 2004 నవంబర్‌లో అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. జలాశయం పూర్తి నీటిమట్టం 150 అడుగులు, అంటే 45.72 మీటర్లు. అంత ఎత్తున నీళ్లు నిలబెడితే వెనక్కి తన్నే నీటిలో మునిగేది ఎక్కువగా ఎగువనున్న కోయ, కొండరెడ్డి గూడేలే. డెల్టాకు నీళ్లు, విశాఖకు నీళ్లు, కరెంటు... లాభాలన్నీ కింద. మునకంతా పైన. 2005 జూన్‌లో ముంపు గ్రామాల జాబితాతో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది.

ప్రాజెక్టు డిజైన్ మార్చాలి, ముంపు తగ్గించాలి అన్నది సీపీఎం వాదన. రాజయ్యకు ఇది పార్టీ తీర్మానం ఒక్కటే కాదు. మునిగే ఊళ్ల పేర్లలో ఆయన మండలం ఊళ్లున్నాయి, ఆయనకు ఓటేసిన గూడేలున్నాయి.

రాష్ట్ర విభజన చట్టం వచ్చేసరికి ఈ ముంపు జాబితాయే సరిహద్దుగా మారింది. 2014 మార్చిలో రాష్ట్రపతి ఆమోదించిన చట్టంలో 2005 నాటి ఉత్తర్వులోని ముంపు గ్రామాలను ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చారు. అలా ఊరూ ఊరూ ఏరి ఇస్తే సరిహద్దు చిల్లుల జల్లెడలా తయారవుతుంది. ఒక ఊరు ఇటు, పక్క ఊరు అటు. పునరావాసానికి భూములు కూడా దగ్గర్లోనే కావాలి. అందుకే మే 29 ఆర్డినెన్సులో ఊళ్లకు బదులు మండలాలనే రాశారు. చింతూరు, కూనవరం, వీఆర్ పురం, కుక్కునూరు, వేలేరుపాడు మొత్తం. భద్రాచలం, బూర్గంపాడు మండలాల్లో కొన్ని ఊళ్లు మినహా మిగతావి. మునగని ఊళ్లు కూడా దీంతో అటు వెళ్లాయి.

కొత్త తెలంగాణ శాసనసభ జూన్‌లోనే దీన్ని వ్యతిరేకిస్తూ తీర్మానం చేసింది. జూలై 11న లోక్‌సభ, 14న రాజ్యసభ బిల్లును ఆమోదించాయి. గీత ఖాయమైంది. ప్రాజెక్టు నీళ్లు ఇంకా రానే లేదు, గూడేలు మాత్రం రాష్ట్రం మారిపోయాయి.

అయిదేళ్లు ఎమ్మెల్యే లేని ఊళ్లు

ఇక్కడే అసలు చిక్కొచ్చింది. భూమి అటు వెళ్లింది సరే. ఆ జనం వేసిన ఓట్ల సంగతేంటి?

చింతూరు, కూనవరం, వీఆర్ పురం మండలాల వాళ్లు ఓటేసి గెలిపించిన రాజయ్య తెలంగాణ అసెంబ్లీలో ఉన్నారు. వాళ్ల తహసీల్దారు, ఎస్సై, బడి, రేషన్ దుకాణం మాత్రం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కింద ఉన్నాయి. హైదరాబాద్ సభలో రాజయ్య ఆ ఊళ్ల గురించి అడిగితే జవాబివ్వాల్సిన మంత్రికి అక్కడ అధికారమే లేదు. అధికారం ఉన్న ఆంధ్రప్రదేశ్ సభలో ఆ ఊళ్ల తరఫున అడగడానికి సభ్యుడే లేడు. 2014 నుంచి 2019 ఎన్నికల దాకా ఏడు మండలాలదీ ఇదే పరిస్థితి. ప్రజాస్వామ్యంలో ఓటుంది, ప్రభుత్వముంది. రెంటినీ కలిపే మనిషే లేడు!

కష్టం కాగితాల్లోనే ఆగలేదు. ఈ పల్లెలకు సంత, కాలేజీ, పెద్దాసుపత్రి అన్నీ భద్రాచలమే. కొత్త జిల్లా కేంద్రమైన కాకినాడకు వెళ్లాలంటే రోజంతా ప్రయాణం. ఒకప్పుడు దూరమనే ఖమ్మంలో కలిపిన ఊళ్లకు మళ్లీ ఆ దూరమే వచ్చిపడింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చింతూరులో కొత్త ఐటీడీఏ పెట్టింది.

రెండో వైపున భద్రాచలానికీ ఇబ్బందే. పట్నం తెలంగాణలో ఉంది, చుట్టూ ఉన్న నేల ఆంధ్రలో ఉంది. ఊరి చెత్త పోయడానికి కూడా స్థలం కరవైంది. రామాలయానికి చెందిన వందల ఎకరాల భూములు పురుషోత్తపట్నంలో, అంటే పక్క రాష్ట్రంలో ఉండిపోయాయి. ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచుకలపాడు పంచాయతీలనైనా వెనక్కివ్వాలని తెలంగాణ అడుగుతూ వచ్చింది.

రాజయ్య ఈ నాలుగేళ్లూ రెండు పడవల మీద కాళ్లు పెట్టి నిలబడ్డట్టే గడిపారు. చట్టం దృష్టిలో ఆయన చర్ల, దుమ్ముగూడెం, వెంకటాపురం, వాజేడు, భద్రాచలం ఎమ్మెల్యే. చింతూరు వాళ్లకు మాత్రం ఆయన ఇంకా తమ ఎమ్మెల్యేనే. ఓటేసిన మనిషిని వదిలేసి ఎవరి దగ్గరికి వెళ్తారు?

సరిహద్దు మారినప్పుడల్లా...

1860: నిజాం చేతి నుంచి ఇంగ్లిషు పాలనకు.
1874: భద్రాచలం, రేకపల్లి తాలూకాలు సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి మద్రాసు రాజ్యంలోని గోదావరి జిల్లాకు.
1959: భద్రాచలం, నూగూరు తాలూకాలు తూర్పుగోదావరి నుంచి ఖమ్మం జిల్లాకు.
2014: ఏడు మండలాల ప్రాంతం ఖమ్మం జిల్లా నుంచి విడిపోయి ఆంధ్రప్రదేశ్‌లోకి.
2016: భద్రాచలం పట్నం కొత్తగా ఏర్పడ్డ భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి. వెంకటాపురం, వాజేడు మరో కొత్త జిల్లాకు.
2019: చింతూరు, కూనవరం, వీఆర్ పురం, ఎటపాక మండలాల ఓటర్లు రంపచోడవరం నియోజకవర్గంలో, కుక్కునూరు, వేలేరుపాడు ఓటర్లు పోలవరం నియోజకవర్గంలో తొలిసారి ఓటేశారు.
2022: ఆ నాలుగు మండలాలు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి.

ఎటు పోటీ చేయాలి?

2018 సెప్టెంబర్ 6న తెలంగాణ అసెంబ్లీ రద్దయింది. ఏడు మండలాల ఓటర్లను ఆంధ్రప్రదేశ్ జాబితాలోకి మార్చారు. డిసెంబర్‌లో జరిగిన ఎన్నికల్లో భద్రాచలం నుంచి సీపీఎం మాజీ ఎంపీ మిడియం బాబూరావును నిలబెట్టింది. గెలిచింది మాత్రం కాంగ్రెస్ అభ్యర్థి పొదెం వీరయ్య.

మరి రాజయ్య? గిరిజన రిజర్వుడు అసెంబ్లీ స్థానంలో పోటీ చేయాలంటే ఆ రాష్ట్రంలోని షెడ్యూల్డు తెగకు చెందినవారై, అదే రాష్ట్రంలో ఎక్కడో ఒకచోట ఓటరై ఉండాలి. ఆయన సొంతూరు ఎటుంటే అటే వెళ్లారు. 2019 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీకి రంపచోడవరం నుంచి సీపీఎం అభ్యర్థిగా నిలబడ్డారు. నాలుగు విలీన మండలాలు ఆయనకు కొట్టిన పిండే. మిగతా నియోజకవర్గమంతా తూర్పు కనుమల్లోని రంప కొండల ప్రాంతం. అక్కడి ఓటర్లకు ఆయన కొత్త. ఆ సీటును వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి నాగులపల్లి ధనలక్ష్మి గెలుచుకున్నారు.

ఉమ్మడి రాష్ట్ర అసెంబ్లీలో రెండుసార్లు, తెలంగాణ అసెంబ్లీలో ఒకసారి కూర్చున్న మనిషి, మూడో సభ కోసం ప్రయత్నించి ఆగిపోయారు. పదవుల వేటలో నియోజకవర్గాలు మార్చేవాళ్లను చూశాం. ఈయన నియోజకవర్గం మార్చలేదు. నియోజకవర్గమే మారిపోతే దాని వెంట వెళ్లారు.

ఆఖరి రోజులు

2020 ఆయనకూ, ఆ ప్రాంతానికీ కలిసిరాని ఏడాది. ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు జీవో నంబర్ 3ను కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని అయిదుగురు జడ్జిల ధర్మాసనం తీర్పు చెప్పింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవారిని షరతులతో కొనసాగనిచ్చినా, ఏజెన్సీ చదువులకు పెట్టనికోటలా ఉన్న జీవో కూలిపోయింది. లాక్‌డౌన్ రోజులు కావడంతో గిరిజన సంఘాలు గట్టిగా గొంతెత్తడానికి కూడా వీల్లేకపోయింది.

ఆ వేసవి దాటాక కరోనా గూడేలకూ పాకింది. రాజయ్యకూ సోకింది. వైద్యం కోసం విజయవాడ తీసుకెళ్లినా లాభం లేకపోయింది. ఆగస్టు 3 రాత్రి ఆయన కన్నుమూశారు. అప్పటికి వయసు అరవై దగ్గర పడిందంతే. ఆయన పోయారని తెలిసి రెండు రాష్ట్రాల నేతలూ సంతాపం ప్రకటించారు. గుంపులు కూడని కాలం. ఎన్నో గూడేల జనం ఆఖరి చూపుకు కూడా నోచుకోలేదు.

ఎనిమిది నెలల తర్వాత, 2021 ఏప్రిల్ 12న, కుంజా బొజ్జి కూడా వెళ్లిపోయారు. వీఆర్ పురం మండలం అసెంబ్లీకి పంపిన ఇద్దరు పెద్దమనుషులూ ఏడాది తిరక్కుండానే లేకుండా పోయారు.

గోదారి అడిగిన ప్రశ్న

2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986 తర్వాత అంత వరద మళ్లీ అప్పుడే. చింతూరు, కూనవరం, వీఆర్ పురం, ఎటపాక మండలాల్లో ఊళ్లకు ఊళ్లు నీళ్లలో చిక్కుకున్నాయి. వరద తగ్గాక కొన్ని పంచాయతీల జనం తమను మళ్లీ తెలంగాణలో కలపాలంటూ రోడ్డెక్కారు. పోలవరం కట్టడంతో వెనక నీరు పెరిగిందని వాళ్ల అనుమానం, ఆంధ్రప్రదేశ్ అధికారులు దాన్ని ఒప్పుకోలేదు.

పరిహారం లెక్కల్లోనూ ఓ గీత ఉంది. మొదటి దశలో 41.15 మీటర్ల లోపు ఉన్న ఊళ్లకు పునరావాసం, ఆపైన 45.72 మీటర్ల దాకా తర్వాత దశలో అన్నారు. కానీ వరద ఈ మీటర్లు చూసుకుని రాదు. మొదటి దశలో లేని ఊళ్లలోకీ నీళ్లొచ్చాయి. తమను ఏ లెక్కలో వేస్తారన్నదే అక్కడి జనం ప్రశ్న.

ఈ ప్రశ్న అడగడానికి ఆ మండలాలకు ఇప్పుడు ఎమ్మెల్యే ఉన్నారు. ఓటు ఎటు, ప్రభుత్వం ఎటు అన్న చిక్కు 2019తో తీరింది. అయినా పాత లోటు ఒకటి మిగిలే ఉంది. భద్రాచలంలో ఎనిమిది మండలాల కోయలు ఒకే చోట ఓటేసినప్పుడు వాళ్ల గొంతుకో బరువుండేది. మూడు దశాబ్దాలు ఒకే జెండా గెలిచిందంటే ఆ బరువు వల్లే. ఇప్పుడా ఓటు రెండు రాష్ట్రాల మధ్య చీలిపోయింది. సరిహద్దుకు ఇటు పోడు పట్టాల కోసం ఒక ప్రభుత్వాన్ని అడగాలి, అటు ముంపు పరిహారం కోసం ఇంకో ప్రభుత్వాన్ని అడగాలి. అడిగేది మాత్రం ఒకే తెగ, ఒకే చుట్టరికం.

సున్నం రాజయ్యను ఆటోలో వచ్చిన ఎమ్మెల్యేగా గుర్తుపెట్టుకోవడం సులువు. ఆ కథ వినడానికి బాగుంటుంది, ఎవరినీ నొప్పించదు. కానీ ఆయన మోసుకు తిరిగిన అర్జీలు ఆటో గురించి కావు. పోడు నేల గురించి, కట్ట రేటు గురించి, మునిగే ఊరి గురించి. వాటిలో చాలా అర్జీలు ఇప్పటికీ రెండు రాష్ట్రాల బల్లల మీద ఉన్నాయి.